వేళ్ళ మీద తెల్లమరక: తిరుపతిలో ఒక కేసు

మా దగ్గర కొత్తగా చేరిన కౌన్సెలర్లకు నేను మొదట చెప్పే కేసు ఇది. బాగా చేశామని చెప్పను. మొదటి రెండు నెలలు పూర్తిగా తప్పుదారిలో నడిచాం, అందుకే చెప్తాను. కుటుంబాన్ని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను. పిల్లవాడిని మురళి అనుకుందాం.

నేపథ్యం

మురళికి పద్నాలుగు నిండాయి. ప్రభుత్వ బడిలో తొమ్మిదో తరగతి. తిరుపతిలో కొండ కింద ఒక కాలనీలో ఒంటిగది అద్దె ఇల్లు, నెలకు 3,000. వీళ్ళది చిత్తూరు వైపు పల్లె. నాయన కమ్మీలు వంచి కట్టే పనికి తిరుపతి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. రెండేళ్ళ కిందట స్లాబు మీంచి పడి నడుము దెబ్బతింది, కుడికాలు ఈడ్చి నడుస్తాడు. భవన కార్మికుల బోర్డులో పేరు లేదు కాబట్టి ప్రమాద పరిహారం రాలేదు. తాగుడు ముందు నుంచీ ఉంది, పడ్డాక ఎక్కువైంది. తల్లి ఒక లాడ్జీలో రూములు శుభ్రం చేస్తుంది. మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి పది దాకా డ్యూటీ, జీతం 7,500. చెల్లెలు నాలుగో తరగతి.

సమస్య మా దాకా ఎలా వచ్చింది

ఆగస్టులో ఒక రాత్రి పదకొండు దాటాక తిరుపతి రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం మీద పడుకుని ఉన్న మురళిని రైల్వే పోలీసులు చూశారు. ఆ వేసవి తర్వాత అది మూడోసారి. జూన్ చివర్లో ఒకసారి, జూలైలో ఒకసారి ఇలాగే దొరికాడు. బాలల న్యాయ చట్టం 2015 ప్రకారం ఇలా దొరికిన పిల్లలను 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. రెండుసార్లూ అలాగే చేశారు. తల్లి ఏడుస్తూ వచ్చింది, ఇకమీదట జాగ్రత్తగా చూసుకుంటానని రాసిచ్చి తీసుకుపోయింది. మూడోసారి కమిటీ, కుటుంబం గురించి 15 రోజుల్లో విచారణ నివేదిక ఇవ్వమని, కౌన్సెలింగ్ చేయమని మాకు అప్పగించింది.

ఫైలు మీద అప్పటికే ఒక మాట రాసి ఉంది: ఇంటి నుంచి పారిపోయే అలవాటు. ఆ మాటను నేను ప్రశ్నించలేదు. తాగే తండ్రి, రాత్రిదాకా ఇంట్లో ఉండని తల్లి, స్టేషన్‌లో దొరికిన కొడుకు. ఇలాంటి కేసులు ఎన్ని చూశామో! చూసీ చూసీ కథ ముందే తయారుగా ఉంటుంది మనసులో. పేరు మార్చి రాసుకోవడమే.

మొదట చేసినవి

ఇంటికి మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ పొద్దున పదకొండు ప్రాంతంలో. ఆఫీసు బండి ఆ టైముకే దొరుకుతుంది. తల్లి వంట చేస్తూ ఉండేది, తండ్రి నిద్రలో, పిల్లలు బడిలో. ఇల్లు ప్రశాంతంగా ఉండేది. "వాడు బడికి పోతానే ఉండాడు మేడం, యాడ తగలడతాడో నాకు అర్థం కాదు" అనేది తల్లి. అబద్ధం చెప్తోందని అనిపించలేదు. నిజమంతా చెప్పడం లేదని కూడా అనిపించలేదు. అది నా తప్పు.

మురళిని వారానికోసారి ఆఫీసుకు పిలిచాను. ఆరుసార్లు వచ్చాడు. కుర్చీ అంచున కూర్చునేవాడు. అడిగినదానికి "లేదు మేడం", "ఏం లేదు మేడం". రెండోసారి వచ్చినప్పుడు వాడి కుడిచేతి చూపుడువేలు, బొటనవేలు గోళ్ళ సందుల్లో తెల్లగా ఏదో ఎండి అంటుకుని ఉంది. స్టేషన్ చుట్టుపక్కల పిల్లల్లో మత్తు కోసం వైట్‌నర్, సొల్యూషన్ పీల్చేవాళ్ళను మేం ఎంతోమందిని చూశాం. నేను వెంటనే అదే అనుకున్నాను. అడిగితే చేతులు నిక్కర్ జేబుల్లో పెట్టేసుకున్నాడు. దాంతో నా అనుమానం నాకే రుజువైపోయింది.

రుయా ఆసుపత్రిలో మానసిక విభాగం ఓపీకి తీసుకెళ్ళాం. డాక్టరుగారు వాడితో చాలాసేపు మాట్లాడి, నన్ను బయటికి పిలిచి, "మీరు ఎప్పుడైనా వీడి దగ్గర వాసన చూశారా?" అని అడిగారు. లేదు. సొల్యూషన్ పీల్చే పిల్లవాడి బట్టలకు, ఊపిరికి ఆ వాసన ఉంటుంది, ముక్కు చుట్టూ చర్మం రేగి ఉంటుంది, వీడికి అవేవీ లేవు, నిద్ర మాత్రం బాగా తక్కువగా ఉంది అన్నారు. ఆ రోజే నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది. "ఇప్పటికి లేదు, రిస్క్ ఉంది" అని ఫైల్లో రాసుకుని ముందుకెళ్ళాను.

హాస్టల్

తర్వాతి నిర్ణయం సంక్షేమ హాస్టల్. నా లెక్క ఇలా ఉంది: తండ్రి తాగి కొడుతున్నాడు (ఇది నిజమే, చెల్లెలు చెప్పింది), రాత్రి పదిన్నర దాకా ఇంట్లో పెద్దవాళ్ళెవరూ సరిగా లేరు, కాబట్టి ఆ గంటల్లో పిల్లవాడు వేరేచోట ఉండాలి. తల్లి ఒప్పుకోవడానికి వారం తీసుకుంది. ఆ వారం ఎందుకు పట్టిందో కూడా నేను అడగలేదు. తల్లిప్రేమ అనుకున్నాను.

సెప్టెంబరులో చేర్చాం. తొమ్మిదో రోజు, శుక్రవారం రాత్రి, గోడ దూకి వెళ్ళిపోయాడు. ఆదివారం దాకా జాడ లేదు. ఆ రెండు రోజులు నాకు నిద్ర లేదు. బెంగళూరు బండెక్కాడేమో, చెన్నై పోయాడేమో అని టెన్షన్. సోమవారం పొద్దున ఏమీ జరగనట్టు బడికి వచ్చాడు.

అదే రోజు నేను బడికి వెళ్ళాను. క్లాసు టీచరు నవ్వుతూ, "వాడు శనివారం పిల్లోడు మేడం. శనివారం రాడు, సోమవారం మొదటి పీరియడ్‌కు రాడు. మిగతా రోజులు బాగానే ఉంటాడు" అన్నారు. హాజరు పట్టీ అడిగి తీసుకుని, టేబుల్ మీదున్న క్యాలెండర్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. వాడు రాని రోజులు దాదాపు అన్నీ శనివారాలే. తర్వాత మా ఫైలు తీసి స్టేషన్‌లో దొరికిన మూడు తేదీలు చూశాను. మూడూ ఆదివారం రాత్రులు.

దాదాపు రెండు నెలలుగా ఆ తేదీలు నా బల్ల మీదే ఉన్నాయి. మా రిజిస్టర్లో తేదీ రాస్తాం, వారం రాయం. తిరుపతిలో పనిచేస్తూ వారం చూడకపోవడమేమిటని మీరు నవ్వవచ్చు. శనివారం ఈ ఊళ్ళో మామూలు రోజు కాదని ఇక్కడ ఆటో తోలే ప్రతివాడికీ తెలుసు. పైగా వాడు గోడ దూకింది పెరటాసి శనివారం ముందురోజు. తమిళనాడు నుంచి జనం విరగబడి వచ్చే నెల.

ఆదివారం రాత్రి

ఆ వచ్చే ఆదివారం రాత్రి తొమ్మిదింటికి నా సొంత బండి మీద వాళ్ళింటికి వెళ్ళాను. చెల్లెలు తలుపు తీసింది. తండ్రి చాప మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, తాగి ఉన్నాడు గానీ తెలివిలోనే ఉన్నాడు. పక్కన కటింగ్ ప్లేయరు, సన్నటి ఇత్తడి తీగ చుట్ట.

తొమ్మిదీ నలభైకి మురళి వచ్చాడు. నన్ను చూసి చేతిలో ఉన్న రేకు డబ్బా వీపు వెనక్కి పెట్టుకున్నాడు. నేను తెలివితక్కువగా, "అది వైట్‌నరేనా?" అని అడిగాను. చెల్లెలు పకపకా నవ్వింది.

"నామం అక్కా!"

డబ్బాలో రెండు చిన్న మూతలు. ఒకదాంట్లో నీళ్ళతో కలిపిన తెల్లమట్టి, ఒకదాంట్లో ఎర్రపొడి. వాటితోపాటు ఇత్తడి తీగ వంచి చేసిన నామం అచ్చు. అలిపిరి దగ్గర నడకదారి భక్తుల నుదుట నామం పెట్టి, ఒక్కొక్కరి దగ్గర పది రూపాయలు తీసుకునే పిల్లల్లో మురళి ఒకడు. తెల్లది ముందు అచ్చుతో ఒత్తాలి, అది ఆరకముందే మధ్యలో ఎర్రది పుల్లతో గీయాలి. అచ్చు పట్టుకునేది చూపుడువేలు, బొటనవేలితో.

వాడు చాప మీద డబ్బులు పోసి పది నాణేలకొక కుప్పగా పేర్చాడు. మొత్తం 1,310. "ఇంకా తొమ్మిది వందలు తక్కువ" అన్నాడు, నాతో కాదు, నాయనతో. ఆయన మాట్లాడలేదు.

పదిన్నరకు తల్లి వచ్చింది. నన్ను చూడగానే ఏడుపు. తర్వాత లెక్క చెప్పింది. ఒకటి గ్రూపు లోను, వారానికి 1,240. రెండోది ప్రైవేటు ఫైనాన్సు. పదివేలకు ముందే పదిహేను వందలు పట్టుకుని 8,500 చేతికిచ్చారు, వారానికి వెయ్యి చొప్పున పది వారాలు కట్టాలి. అది తీరగానే మళ్ళీ అదే తీసుకోవడం. వెరసి వారానికి 2,240. నెలకు దాదాపు తొమ్మిది వేలు. ఆమె జీతం ఏడున్నర వేలు.

సోమవారం ఏడున్నరకు వీధి చివర గ్రూపు మీటింగు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు ఆ భారం మోయాలి. అందుకని కట్టేదాకా గుంపంతా వీళ్ళ గుమ్మం ముందు కూర్చుంటుంది. మరునాడు పొద్దున నేను వెళ్ళి దూరంగా నిలబడి చూశాను. అరుపులూ తిట్లూ ఏమీ లేవు. తొమ్మిది మంది ఆడవాళ్ళు, రోజూ కొళాయి దగ్గర పలకరించుకునేవాళ్ళే, నిశ్శబ్దంగా కూర్చున్నారు. చెల్లెలు బడి సంచి తగిలించుకుని వాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ పోయింది.

స్టేషన్ రాత్రుల సంగతి మురళి తర్వాత చెప్పాడు. జూన్‌లో ఒక ఆదివారం వాన పడింది. జూలైలో కాపలావాళ్ళు డబ్బా లాక్కున్నారు. ఆగస్టులో పెద్ద కుర్రాళ్ళు డబ్బులు గుంజుకున్నారు. ఆ మూడు రాత్రులూ సరిపడా డబ్బుల్లేక ఇంటికి పోవడానికి ముఖం చెల్లలేదు, నాయన కొడతాడనే భయమూ ఉంది. స్టేషన్‌లో లైట్లుంటాయి, నీళ్ళుంటాయి, పడుకున్న యాత్రికుల మధ్య ఎవరూ పట్టించుకోరు. పారిపోవాలనే ఆలోచనే వాడికి లేదు. సోమవారం పొద్దున గడిచేదాకా ఎక్కడో ఉండాలి, అంతే.

పనిచేసినవి

మొదట చేసింది చాలా చిన్నది. ఒక కాగితం మీద, రాత్రి ఇంటికి పోలేకపోతే ఎక్కడికి పోవాలో వాడితోనే రాయించాను. ఒకటి, రేణిగుంట దారిలో ఉండే పిన్ని ఇల్లు. పిన్నితో నేనే మాట్లాడి, ఎంత రాత్రయినా తలుపు తీయాలని, ఏమీ అడగకుండా అన్నం పెట్టాలని ఒప్పించాను. రెండు, నా ఫోను. మూడు, పిల్లల సహాయ నంబరు 1098. ఆ నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుందని వాడికి తెలియదు. ఆ కాగితం వాడి రేకు డబ్బా మూతకు లోపల అంటించుకున్నాడు. తర్వాతి నెలల్లో రెండుసార్లు పిన్ని ఇంటికి పోయాడు. స్టేషన్‌కు మళ్ళీ పోలేదు.

ఇక అసలు తలనొప్పి నిర్ణయం: నామాల పని ఆపించాలా వద్దా? మా ఆఫీసులో దీని మీద వాదన జరిగింది. వీధిలో డబ్బు సంపాదించే పిల్లవాడిని చూసి ఊరుకోవడమేమిటని ఒక సహోద్యోగి. ఆమె మాట తప్పని నేను అనను. బాల కార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ తర్వాత పద్నాలుగు లోపు పిల్లలతో ఏ పనీ చేయించకూడదు. ఇంటి పనికి, కుటుంబ వృత్తికి, బడి గంటలు పోగా కొంత మినహాయింపు ఉంది. పద్నాలుగు దాటి పద్దెనిమిది నిండనివాళ్ళకు ప్రమాదకరమైన పనుల్లో మాత్రమే నిషేధం. మురళి పద్నాలుగు దాటాడు, వాడికి యజమాని కూడా లేడు. అయితే నన్ను ఆపింది చట్టంలోని ఈ సందు కాదు. వారానికి 2,240 గుమ్మం ముందు కూర్చుని ఉండగా ఈ పని ఆపిస్తే, వాడు నాకు కనపడని పనికి పోతాడు. లారీ క్లీనరుగానో, బెంగళూరు హోటల్‌కో. అప్పు తగ్గేదాకా, ఆదివారం పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా మాత్రమే, శనివారం బడి మానకూడదు, పిన్ని కొడుకు తోడుండాలి అని ఒప్పందం చేశాం. ఈ విషయం కమిటీ ముందు దాచలేదు, నివేదికలో రాసే ఇచ్చాను. ఒక సభ్యురాలు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. మూడు నెలల గడువుతో ఒప్పుకున్నారు.

అప్పు సంగతికి వస్తే, రెండు అప్పులూ ఒకటే అనుకుని నెత్తిన పెట్టుకుంటే ఏమీ చేయలేం. గ్రూపు లోను ఇచ్చింది రిజిస్టర్ అయిన సంస్థ. రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం కుటుంబం నెల ఆదాయంలో అప్పుల వాయిదాలు సగం దాటకూడదు. తల్లి దగ్గరున్న లోను కాగితం చూస్తే ఆదాయం 22,000 అని ఉంది. ఆమె సంతకం పెట్టింది, చదవలేదు. బ్రాంచికి వెళ్ళి గొడవ పడలేదు. జీతం వివరం, లోను కాగితం నకలు జతచేసి, నిబంధన చూపించి, గడువు పెంచమని ఫిర్యాదుల విభాగానికి ఉత్తరం రాశాం. ఐదు వారాల తర్వాత వాయిదా 620కి తగ్గింది. ప్రైవేటు ఫైనాన్సుకు ఈ నిబంధన చూపించలేం. దాన్ని తీర్చేయడమే దారి. వాయిదాలు కట్టలేక తల్లి మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) పొదుపు సంఘం నుంచి ఎప్పుడో బయటికి వచ్చేసింది. సంఘాలను చూసే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) చొరవతో మళ్ళీ చేర్చుకుని, రూపాయి వడ్డీకి పదివేలు అప్పిచ్చారు. ఫైనాన్సు మూసేశాం. విచిత్రమేమిటంటే ఆ సంఘంలో నలుగురు, సోమవారం గుమ్మం ముందు కూర్చునే తొమ్మిది మందిలోనివాళ్ళే.

పిల్లల సంరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 స్పాన్సర్‌షిప్ కోసం దరఖాస్తు పెట్టాం. పట్టణాల్లో దీనికి ఆదాయ పరిమితి ఏడాదికి 96,000. వీళ్ళ జీతం లెక్కన 90,000, అర్హత ఉంది. కానీ పాత ఆదాయ ధ్రువపత్రంలో 1,20,000 అని ఉంది. బియ్యం కార్డుకు పట్టణాల్లో పరిమితి నెలకు 12,000 కాబట్టి అప్పట్లో ఆ అంకె ఎవరికీ ఇబ్బంది కాలేదు. ఇప్పుడు అదే అడ్డం. లాడ్జీ నుంచి జీతం కాగితం తెచ్చి, వార్డు సచివాలయంలో కొత్తది తీయించేసరికి ఏడు వారాలు. ఆధార్‌లో ఇంటిపేరు తేడా, బ్యాంకు ఖాతా, అవన్నీ మామూలే. ఫిబ్రవరిలో మంజూరైంది. మార్చి నుంచి ఆదివారం పని ఆపేశాడు. గడువు మూడు నెలలన్నది ఐదయింది, మధ్యలో కమిటీని మళ్ళీ అడిగి పొడిగించుకోవాల్సి వచ్చింది.

తండ్రి

ఆయనతో నేను సరిగా మాట్లాడింది నాలుగో నెలలో. అప్పటిదాకా ఆయన నా ఫైల్లో "తాగుబోతు, కొడతాడు" అనే ఒక లైను. ఒకరోజు ఆ ఇత్తడి తీగ అచ్చు చేతిలోకి తీసుకుని చూస్తుంటే ఆయనే అన్నాడు: "నేనే చేసిచ్చినా మేడం. కమ్మీలు వంచిన చెయ్యి, ఈ తీగ ఒక లెక్కా? వాడు పొద్దన్నే అది తీసుకోని పోతా ఉంటే నేను కండ్లు మూసుకోని పండుకోనుంటా. నిద్ర పట్టి కాదు."

దాంతో ఆయన మారిపోయాడని రాస్తే అబద్ధం. డీ-అడిక్షన్ ఓపీకి రెండుసార్లు వచ్చి మానేశాడు. కానీ కొట్టడం తగ్గింది. చిన్నదాన్ని బడికి దింపి తీసుకురావడం ఆయన పనిగా పెట్టుకున్నాడు. కాలు ఈడ్చుకుంటూనే పోతాడు. వైకల్య ధ్రువీకరణ కోసం సదరం స్లాటు బుక్ చేసి తీసుకెళ్ళాం, సర్టిఫికెట్ చేతికొచ్చింది. పింఛను ఇంకా మంజూరు కాలేదు.

మేం మార్చుకున్నవి

ఇప్పుడు మా రిజిస్టర్లో తేదీ పక్కన వారం, టైము రాసే గడి ఉంది. నివేదికకు ముందు కనీసం ఒక హోం విజిట్ రాత్రి ఎనిమిది తర్వాత చేయాలి. ఆడ కౌన్సెలర్లకు తోడు, బండి ఉండాలని పట్టుబట్టి సాధించుకున్నాం, దానికి మాత్రం ఏడాది పట్టింది. ఆదాయం అని రాసేచోట అప్పుల వాయిదాలు కూడా రాస్తున్నాం, ఏ వారం, ఎన్ని గంటలకు వసూలు అనేదానితో సహా. పిల్లల ఒంటి మీద ఏదైనా కనిపిస్తే, "ఇదేంటి?" అని అడిగే ముందు, "ఈ వారం ఏం చేశావు?" అని అడుగుతున్నాం.

హాస్టల్ నిర్ణయం గురించి నాకిప్పటికీ సమాధానం లేదు. అదే సమయంలో అప్పు సంగతి తెలిసి ఉంటే హాస్టల్ పనిచేసేదేమో. లేదా తల్లి ఒక్కతే సోమవారం పొద్దున్నలను ఎదుర్కోవాల్సి వచ్చేదేమో.

ప్రస్తుతం

కేసు తెరిచి పద్నాలుగు నెలలైంది. మురళి పదో తరగతి. లెక్కలు బాగా చేస్తాడు, ఇంగ్లీషు గండం. పది తర్వాత ఐటీఐలో ఫిట్టర్ చేరతానంటున్నాడు, నాయన వద్దంటున్నాడు, కమ్మీల పని గుర్తొస్తుంది కాబోలు.

ఈ ఏడాది పెరటాసి రాగానే నేనే బడికి ఫోన్ చేసి హాజరు అడిగాను. దసరా సెలవులు పోగా బడి ఉన్న శనివారాలు మూడు. రెండింటికి వచ్చాడు. మూడోదానికి కడుపునొప్పి అని లీవు లెటరు వచ్చిందట, కింద తండ్రి సంతకంతో. టీచరు, "నమ్మమంటారా మేడం?" అని అడిగారు. లీవు లెటరు రావడం ఇదే మొదటిసారి కదా, ఫైల్లో పెట్టుకోండి అన్నాను.